నవ్వుకి అడ్డం పెట్టిన చెయ్యి

సోమవారం ఉదయం గడ్డం గీసుకుందామని ఆయన స్నానాల గదివైపు వెళ్లేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల భార్య అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి నవ్వుతోంది. చూపుడువేలితో పై పెదవిని కిందికి నొక్కిపట్టి ఒకసారి, వేలు తీసేసి ఒకసారి. అద్దంలో ఆయన కనబడగానే గభాలున కొళాయి తిప్పింది.

“ఏం చేస్తున్నావు?”

“ముఖం కడుక్కుంటున్నాను. కనబడట్లేదా?”

ముఖం పొడిగానే ఉంది. ఆ మాట ఆయన మనసులో గుర్తు పెట్టుకున్నాడు.

రైళ్లలో టికెట్లు తనిఖీ చేస్తూ పాతికేళ్లు గడిపిన మనిషి ఆయన. టికెట్ కొననివాడు నిద్ర నటించినా, కిటికీలోంచి మేఘాలు లెక్కపెడుతున్నట్టు మెడ తిప్పినా ఇట్టే పసిగట్టేస్తాడు. తోటి ఉద్యోగులు ‘డేగ’ అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మురిపెం. అలాంటి డేగకి సొంత ఇంట్లో నెల రోజులుగా ఏదో తేడాగా అనిపిస్తోంది. భార్య ఫోన్ బోర్లించి పెడుతోంది. డిగ్రీ చదివే కూతురూ ఆవిడా గుసగుసలాడుకుంటూ, ఆయన అడుగుల చప్పుడు వినగానే కూరగాయల ధరల్లోకి దిగిపోతున్నారు. పైగా బుధవారాలు స్కూల్లో మీటింగులట. ఆవిడ టీచరు. ఇన్నేళ్లూ మామూలు బడిలో పాఠాలు చెప్పి, ఈ ఏడే వినికిడి లేని పిల్లల బడికి మారింది.

“ఏమండీ, బ్యాగులో నా కళ్లజోడు ఉంది, కాస్త ఇలా ఇవ్వండి,” అంది వంటింట్లోంచి.

కళ్లజోడు తీస్తుంటే డబ్బాలోంచి ఓ కాగితం ముక్క జారిపడింది. బస్సు టికెట్. ఇంకెవరి చేతిలోనైనా అది చెత్త, ఆయన చేతిలో సాక్ష్యం. తేదీ, పోయిన బుధవారం. టైము మూడూ పది. దిగే చోటు పాత మార్కెట్. ఆవిడ బడి ఊరికి ఆ చివర.

“పోయిన బుధవారం మీటింగు ఎన్నింటికి అయిపోయింది?”

“అయిదున్నరకి. ఎందుకూ?”

“ఊరికే.”

“ఊరికే అడిగే మనిషేనా మీరు?” అంటూ ఆవిడ నవ్వబోయి, అలవాటుగా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యంటే ఆయనకి ఇష్టం. పెళ్లైన కొత్తల్లోంచీ అంతే, ఎంత నవ్వొచ్చినా చెయ్యి అడ్డం. మా ఆవిడకి సిగ్గెక్కువ అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ రోజు మాత్రం ఆ చేతి వెనకాల ఏం దాస్తోందా అనిపించింది.

బుధవారం సెలవు పెట్టి, ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా, మూడింటికల్లా పాత మార్కెట్ స్టాపు ఎదురుగా తాళాలు బాగుచేసే కొట్టు పక్కన కాపు వేశాడు. మూడూ నలభై ఐదుకి ఆవిడ బస్సు దిగింది. అటూ ఇటూ చూసి ఓ పాత మేడలోకి వెళ్లింది. ఆయన రోడ్డు దాటి వెళ్లి బోర్డులు చదివాడు. కింద మందుల షాపు. మొదటి అంతస్తు పళ్ల డాక్టరు. రెండో అంతస్తు లాయరు. లాయరు బోర్డు మీద పేరుకన్నా పెద్ద అక్షరాలతో ‘విడాకుల కేసులు’ అని ఉంది.

ఆయన ఒక్కో అంతస్తూ కొట్టేస్తూ వచ్చాడు. మందులే కావాలంటే ఇంటి పక్కనే దొరుకుతాయి. పంటినొప్పి అన్న మాట ఆవిడ నోట ఎన్నడూ వినలేదు. ఇక మిగిలింది రెండో అంతస్తే.

గంట తర్వాత ఆవిడ బయటికొచ్చింది. చేతిలో పెద్ద గోధుమరంగు కవరు. రుమాలుతో కళ్లు ఒత్తుకుంటోంది. కవర్లో ఉన్నవి ఏం కాగితాలో, ఎక్కడ సంతకం పెట్టమంటారో కూడా ఆయన ఊహించేసుకున్నాడు.

ఆ సాయంత్రం టీ కప్పులు బల్ల మీద ఉండగానే, పక్కన బస్సు టికెట్ పెట్టాడు.

“ఇదేంటో చెప్పు.”

ఆవిడ చూసింది.

“మీటింగులు లేవు. నువ్వు పాత మార్కెట్‌లో ఆ మేడ ఎక్కుతున్నావు. విడాకుల లాయరుతో నీకేం పని? నేనేం లోటు చేశాను నీకు?”

“నాన్నా! అమ్మ వెనకాలే వెళ్లారా?” కూతురు కుర్చీలోంచి లేచింది.

“నువ్వు మాట్లాడకు. నీక్కూడా తెలుసని నాకు తెలుసు.”

“లాయరా?” అంది భార్య. ఒక్క క్షణం ఆయన్ని అలాగే చూసి, ఫక్కున నవ్వేసింది. వెంటనే చెయ్యి నోటిమీదికి వెళ్లింది. ఆ చేతి వెనకాలే నవ్వు ఏడుపైపోయింది. కూతురు విసురుగా లోపలికెళ్లి గోధుమరంగు కవరు తెచ్చి ఆయన ముందు పడేసింది.

“చూసుకోండి. మీ విడాకుల కాగితాలు.”

కవర్లో దవడ ఎక్స్‌రే ఉంది. దాంతోపాటు డాక్టరు చేత్తో రాసిన కాగితం. చిగురు కత్తిరింపు. పెదవికి ఇంజెక్షన్. పెదవి లోపలివైపు ఆపరేషన్. దవడ ఆపరేషన్.

“ఏంటిదంతా? నీకేమైంది?”

“ఏమీ కాలేదు. నవ్వితే చిగుళ్లు కనబడతాయి, అంతే. దాన్ని సరిచేయించుకోవచ్చట. కనుక్కుందామని వెళ్లాను.”

“ఈ వయసులో ఎందుకు? ఎవరికోసం?” మాట నోరు దాటాక గానీ అందులోని అనుమానం ఆయనకే వినబడలేదు.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. “క్లాసులో పిల్లలు పెదాలు చూసే మాట పట్టుకుంటారండీ. వాళ్లకి నా నోరే పుస్తకం. కథ చెప్తూ చెప్తూ నవ్వొచ్చిందంటే నా చెయ్యి దానంతటదే లేచిపోతుంది. అంతే, పిల్లలందరి ముఖాలూ ఒక్కసారిగా వాడిపోతాయి. మొన్న ఏడేళ్ల పిల్ల లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. సెలవుల్లోపు ఈ అలవాటు పోకపోతే పాత బడికి పంపించేస్తామన్నారు హెడ్మిస్ట్రెస్. ఎంత ప్రయత్నించినా పోవట్లేదు. కనీసం చిగుళ్లు కనబడకపోతే చెయ్యి ఆగుతుందేమోనని.”

“మరి నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఆ చెయ్యి అక్కడ పెట్టిందే మీరు కాబట్టి.”

ఆయనకి అర్థం కాలేదు.

“పెళ్లైన నెలకి మీ స్నేహితులు టీకి వచ్చారు. ఎవరో జోకేస్తే నవ్వాను. వాళ్లు వెళ్లాక మీరన్నారు, ‘నవ్వితే చిగుళ్లన్నీ బయటపడుతున్నాయోయ్, చెయ్యి అడ్డం పెట్టుకో’ అని. మీరు నవ్వుతూనే అన్నారు. నేను మాత్రం ఆ రోజునుంచీ పెట్టుకుంటూనే ఉన్నాను.”

ఆయన ఆ మాట కోసం జ్ఞాపకాలన్నీ గాలించాడు. స్నేహితులు గుర్తున్నారు, టీ గుర్తుంది, మాట మాత్రం దొరకలేదు. తనకి గుర్తైనా లేని మాటని ఈవిడ పాతికేళ్లు మోసింది. తను దాన్ని సిగ్గనుకుని ఊరంతా చెప్పుకున్నాడు.

“ఇవాళ నన్ను టికెట్ లేని ప్యాసింజర్ని చేశారు కూడా,” అని ఆవిడ కప్పులు తీసుకుని లోపలికెళ్లిపోయింది.

తర్వాతి బుధవారం దాకా ఇంట్లో అవసరానికే మాటలు. ఆ రోజు బడికి సెలవు పెట్టి, మధ్యాహ్నం ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే, “నేనూ రానా?” అని అడిగాడు. రమ్మనలేదు, వద్దనలేదు. ఆయన వెంట నడిచాడు.

డాక్టరమ్మని చూడగానే పాత బుద్ధి తలెత్తింది. ఏదో పెద్ద ఆపరేషన్ అంటగడుతుందని ఆయన అనుమానం. డాక్టరమ్మ మాత్రం ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి నిదానంగా వివరించింది.

“మీ దవడలో పెద్ద తేడా లేదమ్మా, దవడ ఆపరేషన్ మాట మర్చిపోండి. మీకు రెండు కారణాలున్నాయి. చిగురు పళ్లమీదికి కాస్త దిగి ఉంది, అందుకే పళ్లు పొట్టిగా కనబడుతున్నాయి. దాన్ని కత్తిరించి సరిచేయొచ్చు, ఒక పూట పని. రెండోది, నవ్వినప్పుడు మీ పై పెదవి బాగా పైకి లేస్తుంది. దానికి ఇంజెక్షన్ ఉంది, నాలుగైదు నెలలు పనిచేస్తుంది, మళ్లీ చేయించుకోవాలి. లేదంటే పెదవి లోపల చిన్న ఆపరేషన్.”

“ఇంజెక్షన్ చేస్తే నా పెదాల కదలిక మారుతుందా?” అడిగింది భార్య.

“కొందరికి మొదట్లో పై పెదవి కాస్త బరువుగా ఉంటుంది.”

“అయితే వద్దు. నా పిల్లలకి మాట తెలియాలి. పెదవి జోలికి పోవద్దు.”

“ఒక్క చిగురే సరిచేస్తే సగమే తగ్గుతుంది. పెద్దగా నవ్వితే ఇంకా కనబడుతుంది. ముందే చెప్తున్నాను.”

ఎక్కువ చెప్పి అమ్ముకునే మనిషి కాదీవిడ అని ఆయనకి అప్పుడు నమ్మకం కుదిరింది. ఏదో అనబోయి, ఇది తను మాట్లాడే చోటు కాదని ఆగాడు.

“సగం చాలు డాక్టర్ గారూ,” అంది భార్య. “మిగతా సగానికి అలవాటు పడాల్సింది నేనొక్కదాన్నే కాదు, ఈయన కూడా.”

“పడతాను,” అన్నాడాయన. “తప్పు నాదేనండీ. నేనే అన్నాను.” డాక్టరమ్మ ఎక్స్‌రేలో ఏదో వెతుకుతున్నట్టు ముఖం అటు తిప్పుకుంది. భార్య ఆయనవైపు చూసింది, ఆ వారంలో మొదటిసారి తిన్నగా.

చిగురు మానడానికి మూడు వారాలు పట్టింది. చెయ్యి మాత్రం వెంటనే మాట వినలేదు. సగం దాకా లేచి, ఏదో గుర్తొచ్చినట్టు దిగిపోయేది. సెలవులిచ్చే ముందు హెడ్మిస్ట్రెస్, వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉండమంది.

ఆ ఆఖరి రోజు ఆవిడని తీసుకురావడానికి ఆయన బడికి వెళ్లాడు. వరండాలో నిలబడి కిటికీలోంచి చూశాడు. ఆవిడ ఏదో కథ చెబుతోంది. పిల్లలు కళ్లార్పకుండా ఆమె నోటివైపే చూస్తున్నారు. కథలో ఎక్కడో కోతి జారిపడ్డట్టుంది, పిల్లలంతా ఒక్కసారి ఎగిరి గంతేశారు. ఆవిడ రెండు చేతులూ బల్లమీద ఆనించి, తల వెనక్కి వాల్చి, పళ్లూ చిగుళ్లూ కనబడేలా హాయిగా నవ్వింది.

పాతికేళ్ల కాపురంలో భార్య నవ్వుని మొదటినుంచి చివరిదాకా చూడటం ఆయనకి అదే మొదటిసారి. లోపలికి పిలుస్తారేమోనని కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ నిండాయి.