పడవవాడి ఇంట్లో పాట

చీకటి పడ్డాక మా ఊళ్ళో కరకట్ట మీద ఎవరూ నడవరు. పత్తిగింజల నూనె మిల్లు నుంచి మా పేటకి అదే దగ్గరి దారి. పావుగంట చాలు. అయినా మిల్లు వాళ్ళంతా రైలుపట్టాల పక్కనుంచి మైలున్నర చుట్టు తిరిగే ఇంటికి చేరేవారు.

కారణం... పడవవాడి ఇల్లు.

మిసిసిప్పి పొంగి కట్టలు తెగిన ఏడు, రేవులో పడవ నడిపే టూమర్, అతని పెళ్ళాం ఆ ఇంట్లోనే మునిగిపోయారు. నీళ్ళు దిగాక చూస్తే కిటికీల దాకా ఒండ్రు మట్టి. మళ్ళీ ఎవరూ అందులో కాపురం పెట్టలేదు. ఇల్లుగల దొర కిటికీలకి పలకలు కొట్టించి వదిలేశాడు.

ఐదారేళ్ళు గడిచాయి. ఆ ఇంట్లోంచి పాట వినిపించడం మొదలైంది.

ఆడగొంతు... గురువారాలు, రాత్రి తొమ్మిది దాటాక. దాంతోపాటు ఇంకో చప్పుడు — టక్... టక్... టక్... లోపల ఎవరో ఒంటికాలి మీద నడుస్తున్నట్టు. టూమర్ పెళ్ళాం మొగుణ్ణి వెతుక్కుంటోందనేది మా అమ్మ.

డ్యూయీ అని మా పేటలో ఒక వాగుడుకాయ ఉండేవాడు. దెయ్యాన్ని పలకరించి వస్తానని బయల్దేరి, ఒక్క కాలికే చెప్పుతో తిరిగొచ్చాడు. ఏడాది పాటు ఆడవాళ్ళు వాణ్ణి వదల్లేదు.

"ఏం డ్యూయీ, నీ చెప్పు దెయ్యం కాలికి సరిపోయిందా?"

"సరిపోబట్టే కదమ్మా, తిరిగివ్వలేదు."

నవ్వేవాళ్ళే గానీ, ఆ నవ్వినవాళ్ళెవరూ కట్ట ఎక్కేవాళ్ళు కాదు.

ఆ ఇంట్లో అసలేం జరిగిందో నాకు చెప్పింది మా పెదనాన్న ఈనోస్ మోబ్లీ. ఆయన పోయే ముందటి చలికాలం, రోజూ సాయంత్రం నేను చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె పట్టుకెళ్ళేదాన్ని. తింటూ తింటూ, కొంచెం కొంచెంగా చెప్పాడు. విన్నది విన్నట్టు చెబుతాను.

ముందు మా పెద్దమ్మ గురించి చెప్పాలి. మా అమ్మకి అక్క, ఆర్జెల్లా. అందరూ జెల్లా అనేవారు.

బ్లూస్ పాడేది, కష్టాల మీద కట్టుకున్న పాటలు. పత్తి చేలో మొదలుపెట్టి, శనివారం రాత్రుళ్ళు సారా పాకల్లో పాడి, ఇరవై రెండేళ్ళకల్లా డేరా ఆటలతో ఊరూరా తిరిగింది. ఆడది గిటార్ పట్టుకుని ఒంటరిగా నిలబడి పాడటం మావైపు వాళ్ళకి వింత. కళ్ళు మూసుకుని, మాట సగంలో ఊపిరి పీల్చుకునేదట. విన్నవాళ్ళకి ఆ సగం మాట దగ్గరే గుండె పట్టేసేదట.

నీళ్ళొచ్చిన మరుసటి ఏడు ప్లేట్ల కంపెనీవాళ్ళు మెంఫిస్‌కి పిలిపించారు. ఒక హోటలు గదిలో గోడలకి దుప్పట్లు వేలాడదీసి, ఆవిడ చేత ఆరు పాటలు పాడించారు. మూడు గ్రామఫోను ప్లేట్లు. మా ఊరి కుర్చీలు బల్లలు అమ్మే కొట్టులోనే ప్లేట్లూ అమ్మేవారు, దాని అద్దంలో ఆవిడ బొమ్మ పెట్టారు. మా అమ్మ రోజూ దాని ముందునుంచి రెండుసార్లు నడిచేదట, పనున్నా లేకున్నా.

అప్పటికే పెళ్ళయింది. వెర్డీ అని నాలుగేళ్ళ కూతురు. పెద్దమ్మ ఊళ్ళు తిరిగినప్పుడల్లా పిల్లని పెదనాన్న చూసుకునేవాడు.

ఆ ఎండాకాలం హెలెనాలో డేరా వేశారు. ఇక్కడ వెర్డీకి జ్వరం తగిలింది. తంతి ఇచ్చారు. డేరా అప్పటికే ఇంకో ఊరికి వెళ్ళిపోయింది... తంతి వెనకాలే తిరిగింది. పెద్దమ్మ వచ్చేసరికి పిల్లని పూడ్చిపెట్టి రెండు రోజులు.

పెదనాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్కటే మాట అన్నాడు.

"నువ్వు ఇంట్లో ఉంటే పిల్ల బతికేది."

పెద్దమ్మ గిటార్ గేటు బయటే వదిలేసి లోపలికి వెళ్ళిందట. పొద్దున చూస్తే గిటార్ లేదు, ఎవరో పట్టుకుపోయారు. ఆవిడ అడగనూ లేదు.

ఆ నెలలోనే చర్చిలో అందరి ముందూ మోకరించి, లోకపు పాట ఇక నోట రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. మూడు ప్లేట్లూ తనే తెచ్చి పెదనాన్న చేతికిచ్చింది. ఆయన పొయ్యి అంచుకి కొట్టి ఒక్కొక్కటీ విరిచేశాడు. ముక్కలు ఆవిడే ఊడ్చింది.

తర్వాత పెదనాన్న సంఘపెద్ద అయ్యాడు. అబద్ధం ఆడనివాడని పేరు. పెద్దమ్మ దొరల ఇంట్లో వంటకి కుదిరింది. చర్చిలో పాటలు మొదలైతే పెదవులు కదిపేది గానీ, గొంతు బయటికి వచ్చేది కాదు. పిల్లతోపాటే గొంతు కూడా పోయిందనుకున్నాం.

పదకొండేళ్ళు అలా గడిచాయి.

ఒక గురువారం రాత్రి మిల్లులో పెద్ద బెల్టు తెగింది. పెదనాన్నతో సహా రాత్రి డ్యూటీ వాళ్ళని ఇంటికి పొమ్మన్నారు. మిగతావాళ్ళు పట్టాల వైపు తిరిగారు. పెదనాన్న మాత్రం దెయ్యాలూ భూతాలూ నమ్మడం విశ్వాసులకి సిగ్గుచేటని, కరకట్ట ఎక్కాడు.

చంద్రుడు లేడు. కింద ఏరు నల్లగా, చప్పుడు లేకుండా పోతోంది. కప్పలు అరుస్తున్నాయి...

ఇల్లు దగ్గర పడేకొద్దీ కప్పలు ఆగిపోయాయి.

టక్... టక్... టక్...

పెదనాన్న ఆగాడు. పెదవుల మీదికి కీర్తన వచ్చింది గానీ రెండో వాక్యం గుర్తు రాలేదట. పలకల సందుల్లోంచి సన్నటి వెలుగు గీతలు... వాటి వెనక ఏదో కదిలింది.

అప్పుడు పాట వినిపించింది.

*నీళ్ళు దిగినా నా గుమ్మం ఆరలేదమ్మా...*
*నీళ్ళు దిగినా నా గుమ్మం ఆరలేదమ్మా...*
*నా బిడ్డ పిలిచిన పిలుపుకి పలకలేదమ్మా...*

టూమర్‌కి పిల్లలు లేరు.

ఆ సంగతి పెదనాన్నకి గుర్తొచ్చింది. మరి ఈ బిడ్డ ఎవరు?... పాట సాగుతోంది. గొంతు ఒక మాట సగంలో ఆగి, ఊపిరి పీల్చుకుని, మిగతా సగం అందుకుంది.

ఆ మాట — వెర్డీ.

"దెయ్యమైనా బాగుండేదే అమ్మా," అన్నాడు నాతో, రొట్టె పక్కన పెట్టేసి. "దెయ్యమైతే పరిగెత్తేవాణ్ణి."

మెట్లెక్కాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. తొయ్యలేదు. ఎందుకని అడిగాను. తలుపు తీస్తే పాట ఆగిపోతుందన్నాడు. ఊరంతా భయపడి దూరంగా ఉండే చోటు ఈ లోకంలో ఆవిడకి ఇదొక్కటే దొరికింది. ఇదీ పోతే ఇంకెక్కడా పాడుకోదు. అంతకంటే ముఖ్యం, తలుపు తీస్తే తను మాట్లాడాలి. గేటు దగ్గర అన్న మాట గురించి మాట్లాడాలి. దానికి ధైర్యం చాల్లేదు.

చెయ్యి తీసేశాడు. ఇంటి పక్కన కొండవేప చెట్టు కింద, చీకట్లో నిలబడి విన్నాడు. టక్ టక్ అనేది ఆవిడ మడమ. గిటార్ లేక, చెక్క నేల మీద తాళం వేసుకుంటోంది. ఆ రాత్రి ఏడు పాటలు లెక్కపెట్టాడు. అన్నీ కొత్తవే. ఏ ప్లేటు మీదా లేనివి.

ఆవిడకంటే ముందే ఇల్లు చేరి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి తలుపు కిర్రుమంది. కిరసనాయిలు పొగ వాసన... పక్క మీద బరువు. పొద్దున బిస్కెట్ రొట్టెలు, చెరుకుపాకం పెట్టింది. తిన్నాడు.

మూడు వారాలు తిరక్కుండానే ముప్పు వచ్చింది. పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో ప్రకటించాడు — సాతానుకి మన మధ్య కొంప ఉండకూడదు, దొర కూడా సరేనన్నాడు, శుక్రవారం మగాళ్ళంతా ప్రార్థన చేసుకుంటూ వెళ్ళి ఆ ఇంటికి నిప్పు పెడదామని. చర్చి అంతా ఆమెన్ అంది.

నాకప్పుడు పదిహేనేళ్ళు. పెద్దమ్మ పక్కనే కూర్చున్నాను. ఆవిడ చేతిలో అట్ట విసనకర్ర ఆగిపోయింది.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. సాక్ష్యం చెప్పుకోవాలన్నాడు.

"నేను దాన్ని చూశాను," అన్నాడు.

ఈనోస్ మోబ్లీ చూశానన్నాడంటే చూసినట్టే.

"మిల్లు నుంచి వస్తూ చూశాను. జుట్టు తడిసి ఉంది. చేతుల్లో ఎవరూ లేరు గానీ, ఎత్తుకున్నట్టు ఊపుతోంది. అది ఎవరికీ హాని చెయ్యదు. కానీ ఆ ఇల్లు తగలబెడితే... అది ఎక్కడికి పోతుంది? మన ఇళ్ళకే వస్తుంది. ఎవరింటికి రమ్మంటారు? చెప్పండి."

డ్యూయీ తన ఇల్లు చాలా చిన్నదని గొణిగాడు. శుక్రవారం ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత పగటిపూట కూడా అటు పోవడం మానేశారు.

మరుసటి ఆదివారం పెదనాన్న సంఘపెద్దగా దిగిపోయాడు. మోకాళ్ళ నొప్పులన్నాడు. దేవుడి ఎదుట నిలబడి అబద్ధం ఆడినవాణ్ణి, ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఎలా పంచను అనేది అసలు కారణం. అది నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మిల్లులో అడిగి గురువారం సెలవు మార్పించుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. సాయంత్రం డబ్బాలో అన్నం పెట్టించుకుని మిల్లుకి వెళ్తున్నట్టే బయల్దేరేవాడు. కొండవేప చెట్టు కింద నిలబడేవాడు. వానలో నిలబడ్డాడు, మంచులో నిలబడ్డాడు. ప్రతి గురువారం, ఈసారి తలుపు తోసి అడిగేస్తాను — ఆ మాట తప్పు, క్షమించు అని — అనుకునేవాడట. పాట మొదలయ్యేది. పాట అయ్యేది. డ్యూటీ దిగే వేళదాకా కరకట్ట మీదే గడిపి ఇంటికి వచ్చేవాడు.

అలా ఇంకో పదకొండేళ్ళు.

యాభై రెండో ఏడు జనవరిలో పెద్దమ్మకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆఖరి రోజు పెదనాన్న మంచం పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, "జెల్లా, ఆ రోజు గేటు దగ్గర..." అని మొదలుపెట్టాడట. మా అమ్మ వేడినీళ్ళు పట్టుకుని గదిలోకి వచ్చింది. ఆయన ఆగిపోయాడు. అమ్మ బయటికి వెళ్ళేసరికి పెద్దమ్మ నిద్రలోకి జారింది. మళ్ళీ లేవలేదు.

వెర్డీ పక్కనే పూడ్చాం. కుర్చీలు బల్లలు అమ్మే కొట్టులో ఆవిడ బొమ్మ చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఆవిడ గాయని అని పాస్టరుగారు ఒక్క మాటైనా అనలేదు.

తర్వాతి గురువారం చీకటి పడ్డాక పెదనాన్న లాంతరు పట్టుకుని కరకట్ట ఎక్కాడు. అలవాటు కొద్దీ చెట్టు కింద నిలబడ్డాడు. తొమ్మిదైంది... తొమ్మిదిన్నర... ఇల్లు పలకలేదు.

మెట్లెక్కి, మొదటిసారి తలుపు తోశాడు. గొళ్ళెం లేదు. అసలు ఏనాడూ లేదు.

గది శుభ్రంగా ఊడ్చి ఉంది. కిటికీలన్నిటికీ పలకలు పూర్తిగా ఉన్నాయి — ఒక్కదానికి తప్ప. ఆ కిటికీకి ఒక పలక ఊడదీసి, మేకులు వరసగా కిటికీ గట్టు మీద పెట్టి ఉన్నాయి. ఆ సందుకి ఎదురుగా ఒక కుర్చీ. దాని ముందు చెక్క నేల మీద, మడమ ఆనే చోట చిన్న గుంట పడింది.

పెదనాన్న ఆ కుర్చీ వెనక నిలబడి సందులోంచి చూశాడు. కొండవేప చెట్టు కనిపించింది. ఇంకేమీ కాదు, చెట్టు మొదలు ఒక్కటే. అక్కడ గడ్డి చచ్చిపోయి, రెండు పాదాలంత మేర నేల నున్నగా అరిగి ఉంది.

ఆవిడకి తెలుసు.

లాంతరు ఎత్తి వెనక్కి తిరిగాడు. తలుపు పక్కన ఇంకో కుర్చీ ఉంది. పదేళ్ళ కింద వాళ్ళ వంటింట్లో కాలు విరిగిన కుర్చీ, పొయ్యిలో పెట్టేశానని ఆవిడ చెప్పిన కుర్చీ. విరిగిన కాలికి తీగ చుట్టి బిగించి ఉంది. మీద మడతపెట్టిన దుప్పటి. దుమ్ము లేదు.

ఆయన కూర్చునే కుర్చీ అది.

"రమ్మని పిలవొచ్చుగా పెదనాన్నా, ఆవిడైనా," అన్నాను నేను, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన ఖాళీ గిన్నె నా చేతికిచ్చాడు. తర్వాత, "పదకొండేళ్ళు పిలిచింది కదమ్మా," అన్నాడు.

ఆ రాత్రి ఆ కుర్చీలో కూర్చుని, గేటు దగ్గర అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. పైకే అన్నాడట. ఒకసారి కాదు, తెల్లవారేదాకా.

కింద ఏట్లో ఆ రాత్రి గాలాలు వేసినవాళ్ళు ఇద్దరున్నారు. ఇప్పటికీ వాళ్ళు ఒట్టేసి చెబుతారు — పడవవాడి ఇంట్లో ఆడది వెళ్ళిపోయిందని, ఆ గురువారం నుంచి లోపల మగవాడు ఏడుస్తున్నాడని.

నేను కాదనలేదు.