అనుకుందాం మాస్టారి గది

మూడో అంతస్తు చివరనున్న కంప్యూటర్ గదికి మంచి పేరు లేదు. పగలంతా పిల్లలతో కిటకిటలాడే గదే... సాయంత్రం ఆరు దాటిందంటే ఊడ్చే ఆయమ్మ కూడా గడప తొక్కదు. లోపల ఎవరూ లేకపోయినా కీబోర్డు చప్పుడు వినిపిస్తుందట. టక్... టక్‌టక్... విన్నవాళ్లు చెప్పిందే చెబుతున్నాను, ఇందులో నా సొంత కవిత్వం లేదు.

ఆ చప్పుడు అనుకుందాం మాస్టారిదని కాలేజీలో అందరి నమ్మకం. ఏ లెక్కయినా సరే, "అనుకుందాం" అననిదే ఆయన చేతిలో సుద్దముక్క కదిలేది కాదు. ఏం అనుకున్నారో రాయకుండా లెక్క మొదలుపెట్టిన పిల్లల్ని నిలబెట్టి తలంటేవారు. ఆయన పోయింది కూడా ఆ గదిలోనే... కిటికీ పక్క కంప్యూటర్ ముందు, కూర్చున్న కుర్చీలోనే.

ఆ సాయంత్రం అదే కుర్చీలో కొత్త లెక్కల టీచరమ్మ కూర్చుంది. కొత్తంటే మూడేళ్ల కొత్త. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఏడాదికోసారి తేలే బతుకు. మర్నాడు పొద్దున్న కమిటీ ముందు పాఠం చెప్పాలి. మెప్పిస్తే పర్మనెంటు, లేదంటే ఇంటిదారి.

పాఠం కంప్యూటర్ నోటుబుక్కులో తయారుచేసుకుంది. పేజీ మీద లెక్క కొడితే దాని కిందే జవాబూ, గ్రాఫూ వచ్చే సాఫ్ట్‌వేర్ అది. ఎక్స్ స్క్వేర్‌ని కెతో భాగించాలి. కె విలువ పెంచేకొద్దీ గీత వెడల్పవ్వాలి. ఆమె కె అని కొట్టింది. జవాబులో కెకి బదులు ఏడు వచ్చింది.

మళ్లీ కొట్టింది. ఏడు.

కళ్లలో వత్తులు వేసుకుని పేజీ అంతా వెతికింది. ఏడు ఎక్కడా లేదు. కొత్త పేజీ తెరిచి, ఉత్త కె ఒక్కటే కొట్టింది... ఏడు. గోడ గడియారం వైపు చూస్తే అక్కడా ఏడే. ఒళ్లు జలదరించింది.

"మాస్టారూ... నా పొట్ట కొట్టకండి," అని గొణిగింది. అన్నాక ఇంకా భయమేసింది.

ల్యాబ్ టెక్నీషియన్‌కి ఫోన్ చేసింది. అతను అన్నం తింటూ తాపీగా విని, పొద్దున్న ఎవరికైనా కె ఏడని చూపించారా అని అడిగాడు. చూపించింది. వెనక బెంచీ పిల్లకి అర్థం కాకపోతే, ఈ కంప్యూటర్ మీదే కె ఏడని కొట్టి చూపించి, తర్వాత ఆ వరుస చెరిపేసింది.

"పేజీ మీద చెరిపితే దాని బుర్రలోంచి పోదు మేడమ్," అన్నాడతను. "పేజీ వేరు, వెనక లెక్క చేసే ఇంజన్ వేరు. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టండి, పాతవన్నీ మర్చిపోతుంది."

అలాగే చేసింది. కె బుద్ధిగా కె లాగే వచ్చింది. తను పెట్టుకున్న దెయ్యానికి తనే హడలిపోయినందుకు నవ్వొచ్చింది. పేజీ సేవ్ చేసింది.

అప్పుడు... వెనక నుంచి... టక్.

బీరువా రేకు అయ్యుంటుంది. కిటికీ రెక్క అయ్యుంటుంది. ఏదైతేనేం, కంప్యూటర్ ఆపకుండానే సంచి భుజాన తగిలించుకుని, దగ్గరని వెనక మెట్ల మీదుగా దిగి, ఏడున్నర బస్సు అందుకుంది.

మర్నాడు హాల్లో పెద్ద తెర మీద అదే పేజీ తెరిచి, నేరుగా గ్రాఫు దగ్గరికి జరిపింది. పాఠం నల్లేరు మీద బండిలా సాగింది. చివర్లో కమిటీ పెద్దాయన కళ్లజోడు తీసి, "కె సున్నా అయితేనో?" అన్నాడు.

సున్నాతో భాగించకూడదని బడిపిల్లలకీ తెలుసు. ఆ సంగతి ముందే రాసుకోవాలి... రాయలేదు. ఆమె ఊపిరి తీసుకునే వ్యవధి కోసం పేజీని పైకి జరిపింది. మొట్టమొదటి వరుసలో ఉంది—

కె సున్నా కాదు అనుకుందాం.

పెద్దాయన తలూపాడు. ఇలా ముందే రాసుకునేవాళ్లు ఈ రోజుల్లో తక్కువమ్మా అని మెచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ఉద్యోగం ఖాయమైంది.

ఆమె మాత్రం సాయంత్రం కాగితం చేతికి రాగానే తిన్నగా గేటు దగ్గరికి వెళ్లింది. నిన్న సాయంత్రం తన తర్వాత ఆ గదిలోకి ఎవరు వెళ్లారని రాత్రి వాచ్‌మన్‌ని అడిగింది.

"ఎవరెళ్తారమ్మా? పదింటిదాకా మీరు టకటకా కొడుతూనే ఉన్నారు కదా. పాపం, రేపటి పనేమోనని నేను తలుపు కూడా తట్టలేదు."

ఆమె మొహం చూసి అతని నవ్వు ఆగిపోయింది.

"లైటు వెలుగుతోంది... చప్పుడు వినబడుతోంది..." అతని గొంతు బాగా తగ్గింది. "మీరే అనుకున్నానమ్మా."