రాణిగారి చెంప

దీపాలు పెట్టే వేళ దాటితే మ్యూజియం వెనకగదిలోకి ఎవరూ అడుగుపెట్టరట. గుర్రమెక్కి కత్తి దూసిన రాణిగారి పటం ఒకటి ఉందక్కడ. ఎప్పుడో దాన్ని వేసినవాడు చచ్చినా రాణిని వదల్లేదని, ఆ గదిలోనే తిరుగుతాడని అందరూ చెప్పుకునేవారు.

మా పిన్నికి వాడి బెంగ లేదు. ఆవిడ కుళ్లంతా రాణిగారి మీదే!

బాబాయిది పాత పటాలు బాగుచేసే పని. దూది నోట్లో తడుపుకుని, ఆ ఉమ్మితో మెల్లగా మురికి తుడుస్తాడు. రంగు చెదరకుండా ఉండాలంటే అంతకంటే మంచి మందు లేదట. నెలల తరబడి రాణిగారి మొహమే తుడుస్తున్నాడు.

"నా మొహం ఎప్పుడైనా సరిగ్గా చూశారా మీరు?" అనేది పిన్ని.

"కదలకుండా కూర్చో, చూస్తా" అనేవాడు.

ఓ సాయంత్రం ఆయన ఎంతకీ ఇంటికి రాలేదు. పిన్ని ఇక ఆగలేదు. కూరగాయల కత్తి కొంగులో దాచుకుని బయల్దేరింది... ఆ రాణి బుగ్గ చీరేసి వద్దామని.

వెనకగది తలుపు ఓరగా ఉంది. లోపల గుడ్డి వెలుతురు... పటం ముందు వంగిన వీపు... చేతిలో దూది. మురికి మొహంలో ఒక్క చెంప మాత్రం నిగనిగలాడుతోంది.

"దానికేనా ఈ సేవలు?" అంది పిన్ని. "ఇన్నేళ్ల కాపురంలో నన్నోసారైనా అంత మెత్తగా ముట్టుకున్నారా?"

దూది ఆగలేదు. కత్తి జారిపోయింది — పిన్ని భోరుమంది.

అప్పుడు ఆయన లేచాడు. చీకట్లో మొహం కనపడలేదు. దగ్గరికొచ్చి... తడి దూదితో ఆవిడ చెంప మీది కన్నీళ్లు తుడిచాడు. మెల్లగా... ఎంతో మెల్లగా...

పిన్ని సిగ్గుతో ఇంటికి పరుగెత్తింది.

ఇంట్లో బాబాయి! దవడ వాచి, నోటినిండా దూది.

"ఎక్కడికెళ్లావే?" అన్నాడు ముద్దముద్దగా. "పన్ను పీకించుకుందామని మధ్యాహ్నం నుంచీ డాక్టరు దగ్గరే పడి ఉన్నా."

పిన్ని గుమ్మంలోనే కూలబడింది. జరిగింది చెప్పేసింది.

బాబాయి మొహం నల్లబడింది. భయంతో అనుకున్నారా? కాదు.

"ఎవడు వాడు?" అన్నాడు. "ఏ చెంప?"

మర్నాడే ఆ పటం ఇంకొకరికి అప్పగించేశాడు. కానీ ఆ రాత్రి మాత్రం తెల్లవార్లూ ఒకటే పోరు — ముందు మొహం కడుక్కుని రమ్మని.

"కడుక్కున్నావా పిన్నీ?" అని అడిగాను.

పిన్ని చెంప మీద చెయ్యేసుకుంది. బాబాయి పడుకున్న గది వైపు ఓసారి చూసి —

"ఎందుకూ?" అంది గుసగుసగా.