చూస్తే కోసే మిషన్

ఉస్మాన్‌గంజ్‌లో రామలింగయ్య సేటు మసాలా గోదాం వెనక గదిలోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. అక్కడి ప్యాకింగ్ మిషన్ ఆగయ్య వేళ్లు రెండు తెంపింది. ఆగయ్య చావలేదు, జల్‌పల్లిలో నిక్షేపంగా ఉన్నాడు. తెగిన వేళ్లే దెయ్యాలై తోడు కోసం వెతుకుతున్నాయని హమాలీల నమ్మకం.

ఈ సంగతి నాకు చెప్పింది పురానాపూల్‌లో ఉండే మా తోడల్లుడు ప్రేమ్‌రాజ్. అతనికి దెయ్యాల మీద నమ్మకం లేదు. కంప్యూటర్ల పనిలో అంతకంటే మొండివాటిని చూశాడు.

మిషన్ బాగుచెయ్యమని సేటు అతన్నే పిలిచాడు. ఆ మిషన్‌లో చిన్న బోర్డు ఉంది. బ్లేడు కింద చెయ్యి కనబడగానే అది బ్లేడును ఆపాలి. ఒక్కోసారి ఆలస్యం చేస్తోంది. గడువు తప్పకుండా పని చేయించే రియల్‌టైమ్ కెర్నల్ అనే మూల ప్రోగ్రాం ఎక్కిద్దామంటే, ఆ బోర్డును దాని కంపెనీయే ఎప్పుడో గాలికొదిలేసింది. వేరే బోర్డు కోసం రాసినదాన్ని తెచ్చి, అక్కడ కత్తిరించి ఇక్కడ అతికించి, నానా తంటాలు పడి ఎక్కించాడు ప్రేమ్‌రాజ్.

ఆ రాత్రి పరీక్ష. తెల్లారితే ఆగయ్య బదులు మిషన్ దగ్గర కూర్చోవలసింది చంద్రమ్మ. ఆమె కూడా వచ్చింది, సంచీ నిండా బెండకాయలతో. వేలికి బదులు అవే.

బెండకాయ పెట్టారు... బ్లేడు ఆగింది. ఇంకోటి... ఆగింది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని ప్రేమ్‌రాజ్ తన లాప్‌టాప్ తీగ తగిలించాడు.

టక్ —

బెండకాయ రెండు ముక్కలు.

తీగ తీస్తే ఆగింది. తగిలిస్తే... టక్.

"నువ్వు చూడకు బిడ్డా..." చంద్రమ్మ గుసగుసలాడింది. "చూస్తే దానికి మండుతది."

ప్రేమ్‌రాజ్ తను ఎక్కించినదంతా మళ్లీ చదివాడు. కాసేపటికి సంగతి తెలిసి తల కొట్టుకున్నాడు. తీగ తగిలి ఉంటే, చెయ్యి కనబడినప్పుడల్లా తెర మీద ఒక మాట రాయమని బోర్డుకు తనే పురమాయించాడు. ఆ రాత పనిచూసే పాత ప్రోగ్రాం కొత్త కెర్నల్‌కు లొంగలేదు. మాట మొత్తం రాశాకే బ్లేడును పట్టించుకుంటోంది. ఆ పురమాయింపు తీసేశాక తీగ ఉన్నా బెండకాయలన్నీ బతికాయి.

"ఇగ ఫికర్ లేదమ్మా," అన్నాడు.

చంద్రమ్మ కదల్లేదు. "రేపు బెండకాయ కూసోదు బిడ్డా... నేను కూసుంట."

ప్రేమ్‌రాజ్ లాప్‌టాప్ మూశాడు. ఎడమచేతి చూపుడువేలు బ్లేడు కింద పెట్టాడు. కుడిచేత్తో అన్నం తినాలి కదా.

బ్లేడు దిగుతోంది...

ఒక్కసారిగా చీకటి. చప్పుడు లేదు. తడుముతూ వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి. సంతోషానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆగింది..." అన్నాడు.

చీకట్లో ఎవరో ఏడుస్తున్నారు. ఫోన్ లైటు వేశాడు. గోడ దగ్గర చంద్రమ్మ, రెండు చేతులతో మెయిన్ స్విచ్ పట్టుకుని...

"భయమైంది బిడ్డా. మెయిన్ గుంజేసిన."

"బ్లేడు ఆగినంక గుంజినవా... ఆగకముందే గుంజినవా?"

చంద్రమ్మ స్విచ్ వంక, బ్లేడు వంక చూసింది.

"యాదికి లేదు," అంది.

ప్రేమ్‌రాజ్ ఆమెను గది బయట నిలబెట్టి, లోపల గడియ పెట్టుకుని, మెయిన్ మళ్లీ వేశాడు.

చంద్రమ్మ ఇప్పటికీ ఆ మిషన్ దగ్గరే పనిచేస్తోంది, పది వేళ్లతో. ప్రేమ్‌రాజ్ ఇదంతా మా ఇంట్లో కూర్చుని నవ్వుతూనే చెప్పాడు. చెప్పినంతసేపూ ఎడమచెయ్యి జేబులోనే ఉంది. నాకు అడిగే ధైర్యం లేకపోయింది.