ఇరవైమూడో నంబరు సీసా

ముసలి సైంటిస్టు శవం ల్యాబ్ కోల్డ్‌రూమ్‌లో దొరికింది. తలుపు లోపలివైపు గోళ్ల గీతలు. గడియ బయట వేసి ఉంది.

"గుండెపోటని చెప్పాం. గడియ సంగతి మనిద్దరికే తెలుసు," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో ఉడుము అంటారు. పట్టుకుంటే వదలడు.

చీఫ్ క్లుప్తంగా చెప్పుకొచ్చాడు. పోయినాయన నలభై మొక్కల రసాలు తీసి చర్మ క్యాన్సర్ కణాల మీద పరీక్షించాడు. ముప్ఫైతొమ్మిది బూడిదలో పోసిన పన్నీరే. ఇరవైమూడో నంబరు మాత్రం క్యాన్సర్ కణాల్ని చంపి, మంచి చర్మ కణాల జోలికి పోలేదు. ఇవాళ పదకొండింటికి కమిటీ ముందు ఆ పరీక్ష మళ్లీ చెయ్యాలి. సీసా మార్చి విషం పెట్టాలని ఒక విదేశీ ముఠా ప్లాను. మంచి కణాలూ చస్తే ప్రాజెక్టు మూతపడుతుంది, అసలు సీసా సరిహద్దు దాటుతుంది. ముఠాలో చేరినట్టు నటిస్తున్న మన మనిషి ఒకామె లోపల ఉంది. ఆయన అసిస్టెంటే.

పదిన్నరకి ఉడుము ఫ్రీజర్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు. స్క్రూడ్రైవర్ పిడిలో మైక్రోఫోన్.

"ఫ్రీజర్ ఎప్పట్నించి చల్లబడటం లేదు?"

"చలికాలం పోయినప్పట్నించి," అందామె. కోడ్ సరిపోయింది. చూపు తిప్పుకోనివ్వని అందం. మూడేళ్లు ఆయన దగ్గరే పని నేర్చుకున్నానంటూ కళ్లు తుడుచుకుంది.

"పాపం, బయట గడియ పడ్డాక ఎంతసేపు కొట్టుకున్నాడో."

ఉడుము చేతిలో స్క్రూ ఆగిపోయింది. "గడియ పడిందని నీకెవరు చెప్పారు?"

ఆమె తడబడలేదు. గొంతు తగ్గించింది. "మీ అక్కకి వీపు మీద పుట్టుమచ్చ ముదిరి క్యాన్సరైందటగా. మందు మా వాళ్ల చేతికొస్తే మొదటి డోసు ఆవిడకే. నువ్వు నోరు మూసుకుంటే చాలు."

అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ఇప్పుడు వెల్లకిలా పడుకోలేక కూర్చునే కునుకు తీస్తోంది. అతను తల వంచి స్క్రూ బిగించసాగాడు. దాన్ని ఒప్పుకోలు అనుకుని ఆమె గ్లవ్స్ తొడుక్కుని పరీక్ష బల్ల దగ్గరికి వెళ్లింది.

అద్దం అవతల కమిటీ కూర్చుంది. ఆమె సీసా మూత తీసి, పిపెట్‌తో రసం పీల్చి, కణాలున్న ప్లేటు మీదికి వంగింది. ఉడుముకి తలుపు మీది గోళ్ల గీతలు కళ్లలో మెదిలాయి. వాటిని గీసిన మనిషికీ ఇంట్లో ఓ అక్కో చెల్లెలో ఉండే ఉంటుంది.

పిపెట్ కొసన చుక్క వేలాడుతుండగా ఆమె మణికట్టు అతని పిడికిట్లో ఇరుక్కుంది. చుక్క నేల మీద పడింది.

అసలు సీసా ఆమె జడముడిలో దొరికింది. ఆమె మాటలన్నీ స్క్రూడ్రైవర్ పిడిలో దొరికాయి.

ఇంకో సైంటిస్టు అసలు రసంతో పరీక్ష పూర్తిచేశాడు. రెండ్రోజులకి ఫలితం వచ్చింది. క్యాన్సర్ కణాలు చచ్చాయి, మంచివి బతికాయి. చీఫ్ ఉడుము భుజం మీద చెయ్యి వేసి, ఇది మనుషులకి ఎప్పటికి అందుతుందో కనుక్కున్నావా అని అడిగాడు.

"అన్నీ కుదిరితే పదేళ్లట."

"మీ అక్కకి?"

"డాక్టరు మూడు నెలలన్నాడు." ఉడుము టోపీ అందుకున్నాడు. "ఊరందరికీ ఆఖరి క్షణంలోనైనా అందుతాను సార్. ఇంటికే ఎప్పుడూ లేటు."