క్లౌడ్‌కెక్కని నాలుగో పేరు

మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా భిక్షాన్ని ఉడుకుతున్న వడ్ల తొట్టిలో తలకిందులుగా ముంచి చంపారు. చంపినవాడు చేతులు కడుక్కుని, గేటు దగ్గర తీరిగ్గా టీ తాగి మరీ వెళ్ళాడు.

మర్నాడు దసరా. సూర్యాపేటలో ఓ జిరాక్స్ సెంటర్ వెనక గదిలో చీఫ్ శ్యామల ఆ శవం ఫొటోను ఏజెంట్ యోగేష్ ముందుకు తోసింది.

"మూడు వారాలల్ల ముగ్గురు. జయరాజు, హేమ్లా, ఇగ ఈ భిక్షం. బియ్యం కంటైనర్లల్ల మిలిటరీ చిప్స్ దాటిస్తున్న విదేశీ ముఠా గురించి మనకు చెప్పినోళ్ళు."

"పేర్లెట్ల బయటవడ్డయ్ మేడం?"

"మన లిస్టు క్లౌడ్‌ల పెట్టినం కదా, గాడికెల్లే పోయినయ్. నాలుగో మనిషి బతికే ఉన్నడు. ఎవరో నాక్కూడ తెల్వదు. ఆ పేరు కోదాడ డీటీపీ షాపుల పిచ్చయ్య పాత పీసీల ఉన్నది. దానికి నెట్ లేదు. పోయి హార్డ్ డిస్క్ పలగ్గొట్టు. సుష్మిత తోడొస్తది."

సుష్మిత డిపార్ట్‌మెంట్ క్లౌడ్ ఎక్స్‌పర్ట్. మహా అందగత్తె. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

కొత్తగా పెళ్ళైన జంట వేషంలో ఇద్దరూ బైకెక్కారు. చివ్వెంల దాటాక ఆమె నవ్వింది. "డబ్బా కాలితే పేరు గూడ ఖతం. క్లౌడ్‌కైతే చావు లేదు యోగేష్."

పిచ్చయ్యది మిల్లులకు లారీ బిల్లులు, ఊరికి పెళ్ళి కార్డులు కొట్టే షాపు. గడప దగ్గరే ఆపేశాడు. "చెప్పులు బయట విడవండి. పూజ అయింది."

"కార్డు మీద హంస బొమ్మ వేస్తరా?" యోగేష్ కోడ్ చెప్పాడు.

"హంస లేదు, నెమలి ఉంది."

పీసీకి బంతిపూల దండ, పసుపు బొట్లు. దాని మీదే రాయితో కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు కేబినెట్ నుంచి కింది స్విచ్ బోర్డు మీదకు, అక్కణ్ణుంచి నేల మీదకు కారుతున్నాయి.

"రేపు రండి బాబూ. పూజ చేసిన పనిముట్టును ఇవాళ ముట్టుకోకూడదు."

"ఒక మనిషి పాణం పెద్దాయనా!"

"తెలుసు. అయినా రేపే."

వెనక నుంచి సైలెన్సర్ పిస్టల్ టప్పుమంది. తొడలో బుల్లెట్‌తో యోగేష్ గోడవారగా, మెయిన్ స్విచ్ కింద కూలబడ్డాడు. పిస్టల్ చేతిలోనే ఉంచుకుని సుష్మిత షట్టర్ దించి ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "బండి స్టార్ట్ చేసి పెట్టు. పేరు పంపుతున్న." లిప్‌స్టిక్ మూత తీస్తే లోపల 5జీ డాంగిల్ మెరిసింది.

"లిస్టు పాస్‌వర్డ్ చెప్పు తాతా."

"కుదరదమ్మా."

టేబుల్ అంచున అతని చిటికెన వేలు విరిచింది. తర్వాత పక్క వేలు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి పెళ్ళికార్డులు కొట్టిన వేళ్ళవి. ముసలాయన కండువా కొరుకుతూ ఏడ్చాడే గానీ నోరు విప్పలేదు.

విసుగొచ్చి ఆమే స్విచ్ నొక్కింది. పీసీ దగ్గుతూ లేచింది. డాంగిల్ గుచ్చి, లిస్టున్న ఫోల్డర్‌ను తాళంతో సహా ముఠాకు పంపడం మొదలుపెట్టింది. క్లౌడ్‌లో రెప్పపాటు పని. ఇక్కడ అరవై శాతం దగ్గర ఈడుస్తోంది.

"సతాయించకు!" అంటూ కేబినెట్ మీద చరిచింది. చెయ్యి అక్కడే అతుక్కుపోయింది. వట్టి కాళ్ళు తడి నేల మీద గిలగిల్లాడాయి.

"మెయిన్ ఆపు బాబూ!" పిచ్చయ్య అరిచాడు.

స్విచ్ యోగేష్ తలకు జానెడు పైన ఉంది. ఆమె కళ్ళు అతన్ని బతిమాలుతున్నాయి.

"జయరాజు," అన్నాడు యోగేష్. తొంభై శాతం.

"హేమ్లా." తొంభై అయిదు.

"భిక్షం." తొంభై ఎనిమిది.

అప్పుడు స్విచ్ ఆపాడు. స్క్రీన్ ఆరిపోయింది, సుష్మితా కింద పడింది. ఇక లేవలేదు. యోగేష్‌కు జాలి కలగలేదు.

"పేరేంది మేడం?" ఫోన్‌లో కిల్లర్ అడుగుతూనే ఉన్నాడు. యోగేష్ తన ఫోన్‌లో శ్యామలకు చెప్పాడు. అరగంటలో ఆమె మనుషులు ఆ సిగ్నల్ పట్టుకుని మోతె స్టేజీ దగ్గర వాణ్ణి ఎత్తేశారు.

యోగేష్ హార్డ్ డిస్క్ బయటకు లాగి, కొబ్బరికాయ కొట్టిన రాయితోనే నుజ్జు చేశాడు. పెళ్ళి కార్డులు మడిచి ముసలాయన వేళ్ళకు బద్దలుగా కట్టాడు.

"ఎవరు పెద్దాయనా ఆ నాలుగో మనిషి? జర జాగ్రత్త చెప్పాలె కదా."

పిచ్చయ్య నొప్పితోనే నవ్వాడు. "నాకేం జాగ్రత్తలు చెబుతావులే బాబూ. ఆ పేరు ఇక నా ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు."