కప్పలా కూర్చోలేని మేస్త్రి

టైళ్లు పరిచేవాడు ఎవడైనా లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ జరుగుతూ గుమ్మంలోంచి బయటపడతాడు. పనిలో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం అది. పదకొండేళ్ల అనుభవం ఉన్న నేను ఆ రోజు గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి జరిగాను.

కారణం చిన్నదే. లోపల మొదలుపెడితే మొహం గోడకుంటుంది. గుమ్మం దగ్గర మొదలుపెడితే మొహం గుమ్మానికుంటుంది. గుమ్మం అవతల వరండాలో ఒకమ్మాయి ఎలుగుబంటిలా నడుస్తోంది.

అరచేతులూ మునివేళ్లూ నేలకానించి, మోకాళ్లు గాల్లో ఉంచి, ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చింది. వస్తూనే ఒక కాలు కింద నుంచి దూర్చి, ఒళ్లు తిప్పి, పొట్ట పైకి పెట్టి పీత అయింది. పీత నాలుగడుగులు పక్కకేసి, మళ్లీ తిరిగి కప్పలా గొంతుక్కూర్చుంది. ఎక్కడా ఆగలేదు. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు ఒంపినట్టుంది. నేను తెరిచిన నోట్లోకి రెండు ఈగలు వెళ్లి, లోపల సర్దుకుని, పిల్లల్ని కూడా పెట్టుకున్నాయి.

చూసుకునేసరికి కిటికీ మూలలో ఉన్నాను. ఆఖరి నాలుగు టైళ్లు పెట్టాల్సిన చోట నేనే నిలబడ్డాను. నాకూ గుమ్మానికీ మధ్య ముప్పై అడుగుల పచ్చి నేల. అడుగేస్తే టైళ్లు కుంగిపోతాయి.

సిమెంటు కలిపే మా బావ గుమ్మంలోకి వచ్చి చూశాడు. మా అక్క మొగుడే, పనిలో నా పెద్ద కూడా.

"ఒరేయ్ బామ్మర్దీ, అక్కడే కాపురం పెడతావా? మీ అక్కతో చెప్పి క్యారేజీ కిటికీలోంచి వేయిస్తా."

"ఎటు నుంచి చేస్తే లెవెల్ బాగా వస్తుందో చూద్దామని..."

"వచ్చిందిలే లెవెల్. రేపటిదాకా నిలబడు."

ఆ అమ్మాయి కూడా వచ్చి చూసింది. ఆ హాలు ఆమెదేనని, అందులో యోగా క్లాసు పెట్టబోతోందని అప్పుడు తెలిసింది. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

"ప్లైవుడ్ షీట్లు ఉన్నాయా?"

"ఉన్నాయండి," అన్నాడు బావ.

"టైళ్ల మీద పరవండి. మేస్త్రి గారూ, నిలబడి నడిస్తే బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది. చేతులూ కాళ్లూ నాలుగూ ఆనించి రండి. మోకాళ్లు మాత్రం కింద పెట్టకండి."

వంగాను. బాగానే కదిలాను. సగం దూరం వచ్చాక కుడి మోకాలు తుప్పు పట్టిన గడియలా బిగుసుకుంది. కళ్ల ముందు చుక్కలే కాదు, చుక్కల వెనకాల చుక్కలు కూడా కనిపించాయి.

"ఏమైంది?" అంది.

"లెవెల్ చూస్తున్నానండి. ఈ ఎత్తు నుంచి బాగా తెలుస్తుంది."

"మోకాలు నొప్పా?"

"నాకా? ఒకసారి లారీ స్టార్ట్ కాకపోతే ఈ మోకాలితో ఒక్కటిచ్చాను. ఇంటిదాకా ఆగకుండా పోయింది."

బావ పగలబడి నవ్వాడు. ఆమె మాత్రం నా మోకాలి వైపే చూసింది. "క్లాసు పొద్దున ఆరింటికి. ఈ నేల ఆరేదాకా వరండాలో. వీలైతే రండి," అంది.

అసలు సంగతి మీకు చెప్పేస్తాను. ఆ మోకాలు ఎనిమిది నెలలుగా నొప్పి. డాక్టరు నొక్కి చూసి, "నెల తిరిగేలోగా గొంతుక్కూర్చోలేకపోతే, నిలబడి చేసే పని ఏదైనా వెతుక్కో," అన్నాడు. గొంతుక్కూర్చోలేని టైల్స్ మేస్త్రి అంటే ఈత రాని చేప. పైగా బావ ఒక ఆసుపత్రి పని ఒప్పుకున్నాడు, వరండాల్లో టైళ్లన్నీ మా ఇద్దరివే. ఇంకో పది రోజుల్లో, సోమవారం మొదలు. నా మోకాలి సంగతి తెలిస్తే ఇంకో మేస్త్రిని పెట్టుకోవాల్సిందే. పని పోయిన మొహం వేసుకుని ఆ అమ్మాయితో ఏం మాట్లాడతాను? అందుకే ఎవరికీ చెప్పలేదు. మోకాలికి మాత్రం తెలుసు.

మర్నాడు ఆరింటికి వెళ్లాను. క్లాసులో ఏడుగురున్నారు. అందులో ఒకావిడ టీచరు నాయనమ్మ. డెబ్బై రెండేళ్ల మనిషి గోడవార కప్పలా హాయిగా కూర్చుని, డబ్బాలోని గుండీలు రంగుల వారీగా ఏరుకుంటోంది. కూర్చున్నదాని కంటే, చెయ్యి ఆనించకుండా లేచిన తీరు చూసి నాకు కుళ్లొచ్చింది.

"మన దగ్గర ఒక్కటే రూలు," అంది టీచరు. "ఎక్కడైనా నొప్పి పుడితే చెయ్యెత్తండి. నేను ఆపి, కదలిక మారుస్తాను. ఓర్చుకోవడం ఇక్కడ గొప్ప కాదు."

మొదటి పది నిమిషాల్లో నాయనమ్మ రెండుసార్లు చెయ్యెత్తింది. బ్యాంకులో పనిచేసే లావుపాటాయన అయిదుసార్లు ఎత్తాడు, ఒకసారి చెమట తుడుచుకోవడానికి. నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. నొప్పి ఎక్కువైనకొద్దీ నవ్వు పెద్దది చేశాను. వారం తిరిగేసరికి నా నవ్వు చెవులు దాటి వెనక్కి పోయింది.

అయితే ఒళ్లు మారింది, అది కోత కాదు. ఎలుగుబంటి నడకతో భుజాలు గట్టిపడ్డాయి. కుక్క ఒళ్లు విరుచుకున్నట్టు నడుం పైకెత్తి నిలబడే ఆసనంతో పిక్కలు సాగాయి. అందులోంచి ఆగకుండా పీతలోకి తిరగడం వచ్చింది. తిరిగేటప్పుడు ఊపిరి వదలాలట, చేతి చివర్నుంచి కాదు, భుజంలోంచి నెట్టాలట. టైళ్ల పెట్టె ఎత్తితే ఇదివరకు నడుం తిట్టేది, ఇప్పుడు గొణిగి ఊరుకుంటోంది. ఒక్క కప్ప దగ్గరే చిక్కంతా. కిందికి దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది, నేను నవ్వేస్తాను.

శుక్రవారం క్లాసయ్యాక ఆమె నన్ను ఆపింది.

"ఆదివారం హాలు ప్రారంభం. జనం ముందు ఇద్దరం ఎదురెదురుగా చేసి చూపించాలి. ఎలుగుబంటి, పీత, కప్ప, లేచి నిలబడటం. మీరు నాతో చేస్తారా?"

గుండె కొట్టుకున్న చప్పుడుకి మేడ కింద సైకిల్ షాపువాడు ఎవరో పిలుస్తున్నారని బయటికొచ్చాడు.

"చేస్తానండి."

"నొప్పులేం లేవుగా? ఉంటే ఇప్పుడే చెప్పండి."

"లేవండి."

"నిజంగా?"

"మీ మీదొట్టు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఒట్టు పెట్టుకోవడానికి నా నెత్తి ఉంది, బావ నెత్తి ఉంది, పోనీ సిమెంటు బస్తా ఉంది. పోయి పోయి ఆమె మీద పెట్టాను, అది కూడా అబద్ధపు ఒట్టు.

అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. శనివారం క్లాసులో ఆమె ఒక్క తుమ్ము తుమ్మింది, నా ప్రాణం గుమ్మం దాకా వెళ్లొచ్చింది. మెట్లు దిగుతూ కాస్త తూలింది. పట్టుకోవాల్సింది పోయి రెండు చేతులూ జోడించాను.

"ఏంటది?" అంది.

"అలవాటండి. ఎవరైనా తూలితే దండం పెడతాను."

బయట వాన మొదలైంది. సైకిల్ షాపు రేకుల కింద ఆగాం. వాన కూడా మా మాటలు వినాలన్నట్టు దగ్గరదగ్గరగా పడుతోంది. ఆమె నవ్వలేదు.

"మేస్త్రి గారూ, ఒకటడగనా? మీరు నేర్చుకోవడానికే వస్తున్నారా?"

"అదేంటండి?"

"ఏం చేసినా ఒకటే నవ్వు. మీకు ఎక్కడ సులువో, ఎక్కడ కష్టమో నాకు తెలీదు. కళ్లకి గంతలు కట్టుకుని బండి నడిపినట్టుంది. ఊరికే చూసిపోవడానికి వస్తుంటే చెప్పండి, రేపు ఒక్కదాన్నే చేసుకుంటాను."

"ఛ, అలాంటిదేం లేదండి."

వాన వైపు చూస్తూ చెప్పింది. "పోయినేడు ఒక బస్సు డ్రైవరు వచ్చేవాడు. నడుం నొప్పి దాచి, అందరి ముందు చిన్నబోకూడదని అన్నీ చేసేవాడు. ఒకరోజు లేవలేకపోయాడు. రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. టీచరే విరగ్గొట్టిందన్నారు. తప్పు నాదేనేమో, నేను కనిపెట్టలేకపోయాను. ఆ క్లాసు మూసేశాను. ఇంకోసారి అలా అయితే నావల్ల కాదు. మళ్లీ మొదలుపెట్టను."

గొడుగు విప్పి వెళ్లిపోయింది. నేను రేకుల కిందే నిలబడ్డాను. వాన ఆగింది, నేను మాత్రం తడుస్తూనే ఉన్నాను, చెమటతో.

చెబితే బావ ముందు పని పోతుంది, ఆమె ముందు మాట పోతుంది. చెప్పకుండా రేపు ఆ నేల మీద కూలబడితే ఆమె హాలే పోతుంది. ఎటు చూసినా పచ్చి టైళ్లే.

ఆదివారం పొద్దున హాలు నిండింది. నలభై మంది. బావ కొత్త చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చుని, పక్కవాళ్లకి నన్ను వేలితో చూపిస్తున్నాడు. "మా బామ్మర్దే. ఇనుం."

ఎదురెదురుగా నిలబడ్డాం. ఆమె జుట్టు ముడి రెండోసారి బిగించింది. నా వైపు చూసి, "మొదలుపెడదామా?" అని పెదాలతో అడిగింది.

ఎలుగుబంటి బాగా నడిచింది. ఊపిరి వదిలి తిరిగాం, రెండు పీతలం ఒకేసారి పొట్టలు పైకి పెట్టాం. జనం చప్పట్లు కొట్టారు. మళ్లీ తిరిగి కప్పలోకి దిగుతున్నాం. ఆమె సుతారంగా దిగింది. నేను సగంలో ఉండగా మోకాలు బిగుసుకుంది. ఇంకో నాలుగంగుళాలు. పళ్లు బిగించి దిగితే దిగొచ్చు. తర్వాత లేస్తానో లేదో తెలీదు.

ఆమె నా మొహంలోకే చూస్తోంది. నవ్వు తెద్దామని చూశాను. ఆ నవ్వు ఆ పూట ఎక్కడికి పోయిందో దొరకలేదు.

చెయ్యెత్తాను.

"నొప్పిగా ఉంది," అన్నాను. "కుడి మోకాలు. ఎనిమిది నెలల నుంచి."

బావ వైపు చూసే ధైర్యం లేక టైళ్ల సందుల్ని లెక్కపెట్టాను.

ఆమె లేచి వచ్చింది. కంగారు పడలేదు. నా బరువు ఎడమ వైపుకి మళ్లించి, "చేతులు వెనక్కి పెట్టండి. కూర్చోండి. నెమ్మదిగా," అంది. ఒక చాప మడిచి మోకాలి కింద పెట్టింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"ఈయన మోకాలు ఇంకా కప్పకి సిద్ధంగా లేదు. అందుకని కప్ప దాకా వెళ్లం. పీతలోంచి పక్కకి ఒరిగి కూర్చుని, చెయ్యి ఊతంతో లేస్తాం. బలం అలా కూడా వస్తుంది. చూడండి."

ఇద్దరం అలాగే చేశాం. ఈసారి నేను నవ్వలేదు, ఊపిరి వదిలాను. లేచి నిలబడ్డాక నాయనమ్మ మొదట చప్పట్లు కొట్టింది. అయిపోయాక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆరుగురు వచ్చి పేర్లు రాయించుకున్నారు.

బావ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకుని చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యాను.

"ఎనిమిది నెలలా?"

"ఊఁ."

"నాకెందుకు చెప్పలేదురా?"

"రేపటి పని పోతుందని."

"ఆసుపత్రిలో గోడలుండవా? గోడలకి టైళ్లు ఎవరు పెడతారు, మీ తాతా? నిలబడి గోడలు నువ్వు చెయ్యి, నేల నేను చూసుకుంటా. మోకాలు బాగయ్యాక మార్చుకుందాం." రెండడుగులు వేసి మళ్లీ తిరిగాడు. "మీ అక్కకి నువ్వే చెప్పుకో. ఆ తిట్లు మాత్రం నేను పంచుకోను."

జనం వెళ్లాక ఆమె చాపలు చుడుతోంది. నాయనమ్మ గోడవార గుండీల డబ్బాతో కూర్చుంది. నేనూ ఒక చాప అందుకున్నాను.

"టీచర్ గారూ, మీ మీద అబద్ధపు ఒట్టేశాను."

"తెలుసు. నేను తూలితే దండం పెట్టినప్పుడే అనుమానం వచ్చింది."

"మరి నన్ను ఎందుకు వద్దనలేదు?"

"చెబుతారేమోనని ఆఖరిదాకా చూశాను. పొద్దుటి నుంచి నాకు చేతులు ఆడలేదు. మీరు చెయ్యెత్తకపోతే నేనే ఆపేసేదాన్ని. అప్పుడు మాత్రం మీతో ఇంకెప్పుడూ మాట్లాడేదాన్ని కాదు."

చాప నా చేతిలో వంకరగా చుట్టుకుంది. విప్పి మళ్లీ చుట్టాను. ఇంకా వంకరగా వచ్చింది.

"ఇంకో నిజం కూడా ఉందండి. లారీలూ అవీ ఏం కలపకుండా చెబుతాను. మీరంటే నాకిష్టం. అంతే. ఇంతకంటే పెద్దది చేసి చెప్పడం నాకు రాదు."

ఆమె చాప చుట్టడం ఆపింది. గోడవార నుంచి నాయనమ్మ తలెత్తకుండానే మనవరాలితో అంది, "మీ తాత కూడా ఇలాగే కోతలు కోసేవాడే. అబద్ధాలాడేవాడితో ముప్పై ఏళ్లు హాయిగానే కాపురం చేశా. నిజం చెప్పాల్సిన రోజు చెప్పేవాడు, అది చాలు. అబ్బాయ్, ఆ నీలం గుండీ నీ కాలి దగ్గర దొర్లింది, ఇలా ఇయ్యి."

ఒంగి తీసి ఇచ్చాను. ఆవిడ నా చెయ్యి వదలకుండా ఒకసారి మొహంలోకి చూసి, "పిల్లకి భయమెక్కువ, చెప్పకుండా దాచేది ఏదీ పెట్టుకోకు," అని డబ్బా మూసి లోపలికెళ్లింది.

ఇద్దరం మిగిలాం. నా గుండె మళ్లీ సైకిల్ షాపువాణ్ని పిలవడం మొదలుపెట్టింది.

"రేపు క్లాసుకి రావచ్చా?" అన్నాను.

"క్లాసు ఆరింటికి," అంది చాప నా చేతిలోంచి తీసుకుంటూ. "నువ్వు అయిదున్నరకి రా."

"ముందెందుకండి? మోకాలు చూడటానికా?"

"మోకాలి సంగతి ఆరింటికి," అంది, మొహం చాప వెనక దాచుకుని.